మూడు చుక్కల క్యాపు

పోయిన వారం అచ్యుతరావుగారిని చాలా ఇబ్బందైన చోట వదిలేసి వచ్చాం. నాచారంలో ఆయన ఇంటి పోర్టికోలో పాత రైలు స్లీపరు చెక్కల మీద ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు ఇంజను తలకిందులుగా పడుకుని ఉంది. ఇంజను తీసేసిన జీపు పక్కనే ఇటుకల మీద నిలబడి ఉంది. దానికి ముప్పై ఏళ్లు. కొత్త బేరింగులు పరిచి, క్రాంక్ షాఫ్టు కూర్చోబెట్టి, పైన క్యాపులు పెట్టి బిగించింది స్వయంగా అచ్యుతరావే. అలా బిగించాక ఒంటి చేత్తో తిప్పితే తిరగాల్సిన క్రాంకు, మామా కోడళ్లిద్దరూ పొడవాటి రాడ్డు పెట్టి వేలాడినా ఇసుమంత కదల్లేదు.

రైల్వే డీజిల్ షెడ్డులో ముప్పై నాలుగేళ్లు రైలింజన్లు విప్పి బిగించిన మనిషి ఆయన. జీపు ఇంజనంటే ఆయన లెక్కలో బొమ్మ. ఆ బొమ్మ తన చేతుల్లో బిగుసుకుపోయేసరికి ఆయన మొహం చూడలేకపోయాం.

అసలు బాధ ఇంజను గురించి కాదు. ఈమధ్య ఆయన ఒకసారి పొయ్యి మీద పాలు పెట్టి పార్కుకి వెళ్లిపోయారు. ఇంకోసారి వియ్యంకుడి ఇంటికని మెట్రో ఎక్కి, ఉప్పల్‌లో దిగడం మరిచిపోయి నాగోలు దాకా పోయి, అక్కడ దిగి ఎందుకొచ్చానా అని ఆలోచిస్తూ కూర్చున్నారు. కొడుకు హృషికేశ్ ఈ రెండూ మనసులో పెట్టుకున్నాడు. మూడోది క్రాంకు. "నాన్నా, ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ తిరక్కపోతే జీపు పాత ఇనుప కొట్టుకి ఇచ్చేద్దాం. సోమవారం నిన్ను డాక్టరుకి చూపిద్దాం. ఇక పానాలు పట్టుకోకు," అన్నాడు. కొడుకు ప్రేమగానే అన్నాడు. తండ్రి ఒక్క మాట ఎదురు చెప్పకుండా సరే అన్నారు. ఆ సరే విని అందరికంటే ఎక్కువ భయపడింది కోడలు హరిచందన.

ఆ ఆదివారం వచ్చేసింది.

హరిచందన ఉప్పల్ పిల్ల. వారంలో ఐదు రోజులు పోచారంలో కంప్యూటరు ముందు కూర్చుంటుంది. కానీ తండ్రి మహిపాల్‌కి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేతు షాపు ఉంది, ఆమె బాల్యం అంతా ఇనుపరజను వాసనలోనే గడిచింది. పెళ్లయిన కొత్తలో మామగారితో ఏం మాట్లాడాలో తెలియక, ఓ రోజు జీపు కింద దూరిన ఆయనకి అడక్కుండానే సరైన సైజు పానా అందించింది. జీపు కింద నుంచి తల బయటపెట్టి ఆయన చూసిన చూపు ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటలకి కొదవ లేదు. అత్తగారు కమలకుమారి "నా కొడుక్కి పెళ్లి చేస్తే మీకు హెల్పరు దొరికింది" అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఎనిమిది గంటలకి హరిచందన చున్నీ నడుముకి బిగించి పోర్టికోలోకి వచ్చింది. మొదటి బోల్టు కిర్రుమనగానే హాల్లోంచి గొంతు వినిపించింది.

"ఎవరది ముట్టుకుంటున్నది?"

"నేనే మామయ్యా."

"విప్పొద్దన్నానుగా! మా షెడ్డులో ఒక పద్ధతుంది. ఎవరు బిగించింది వాళ్లే విప్పాలి, ఎవరు విప్పింది వాళ్లే బిగించాలి. మధ్యలో ఇంకో చెయ్యి పడకూడదు."

"అయితే మీరే వచ్చి విప్పుండ్రి."

"నేను రాను."

"అయితే నేనే విప్తున్న."

హాల్లో అచ్యుతరావు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన కూరగాయ ముట్టడం ఇదే మొదటిసారి. తనకి తాను వేసుకున్న శిక్ష అన్నమాట. ఈనెలతో పాటు సగం కాయ కూడా పోతోంటే చూడలేక కమలకుమారి పళ్లెం లాక్కుంది.

"ఆయన్ని కదిలించకే అమ్మాయ్," అని కోడలికి వినపడేలా అంది. "పొద్దున్నుంచీ అదోలా ఉన్నారు. ఆరున్నరకే గేటు దగ్గర నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడారు. కాఫీ చల్లారిపోయింది. ఎవరండీ అంటే ఎవరూ లేరు పొమ్మన్నారు."

"పొద్దున్నే నాతో మాట్లాడేవాళ్లెవరున్నారు? నీకు చెవుల్లో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది!" అన్నారాయన.

"అవును, నలభై ఏళ్ల నుంచి మీ గొంతే మోగుతోంది," అని ఆవిడ పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పోర్టికోలో హరిచందన క్యాపులు ఒక్కొక్కటే తీసి పాత దుప్పటి మీద వరసగా పేర్చింది. క్రాంకుని ఇంజను దిమ్మకి పట్టి ఉంచేవి ఇవే, మొత్తం ఐదు. రెండు చివర్లవీ ఆకారంలోనే వేరు, గుడ్డివాడైనా తడిమి చెప్పగలడు. మధ్య మూడూ మాత్రం చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అలాగని ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు. పుట్టినప్పుడే ఏ క్యాపు చోటు దానికి చెక్కేసి ఉంటుంది. వెంట్రుకవాసి తేడా వస్తే క్రాంకు మొండికేస్తుంది.

అందుకే విప్పేటప్పుడు అచ్యుతరావు ఆ మూడు క్యాపుల మీద పంచి అనే సూదిమొన ఉలితో చుక్కలు కొట్టారు. ఒకదాని మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు, చివరిదాని మీద మూడు. ఆమె వాటిని మళ్లీ చూసింది. ఒక చుక్క ఉన్నది దిమ్మ మీద ఒకటి అని రాసిన చోటు నుంచే వచ్చింది. రెండోది రెండులోంచి, మూడోది మూడులోంచి. మామగారు ఎక్కడా తప్పు పెట్టలేదు. మరి క్రాంకు ఎందుకు తిరగనట్టు?

లోపల మసగ్గా ఉంది. ఆమె ఫోను చార్జింగులో ఉంది.

"మామయ్యా, మీ ఫోన్ తీసుకుంటున్న, లైటు కావాలె," అని కిటికీలో ఉన్న ఆయన ఫోను తీసుకుంది.

లైటు వేసి బేరింగులు చూసింది. రెండో క్యాపు కింది బేరింగు నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. ఒకటోదీ మూడోదీ మాత్రం ఒక అంచున గీసుకుని మెరుస్తున్నాయి. అటూ ఇటూ ఉన్నవి రెండూ పాడు, మధ్యది ఒక్కటే బాగు. ఆమె కాసేపు గొంతుక్కూర్చుని దాన్నే చూసింది. తర్వాత దిమ్మ మీద తెల్ల పెయింటుతో రాసిన అంకెలు చూసింది. ఆ అంకెలు రాసింది ఆమే.

ఆమె ఫోను నడుముకి బిగించిన చున్నీలో దోపుకుంది. లేచి నేరుగా హాల్లోకి వెళ్లి మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, ఒక్క మాట అడుగుత. కోపం జెయ్యొద్దు."

"ఇప్పుడు కోపం చేసే ఓపిక కూడా లేదమ్మా."

"ఆ చుక్కలు ఏ దిక్కు నుంచి కొట్టిన్రు?"

"ఏ దిక్కేమిటి?"

"ఒక్క చుక్క ముందల ఏ క్యాపు మీద కొట్టిన్రు? ముందటి ఫ్యాన్ దిక్కుదా, ఎనక ఫ్లైవీల్ దిక్కుదా?"

ఆయన మొహం ఎర్రబడింది. పరీక్ష పెడుతోందనుకున్నారు. హృషికేశ్ కూడా ఈమధ్య ఇలాగే మాటల్లో పెట్టి, ఈ రోజు ఏ వారం నాన్నా అని అడుగుతున్నాడు. దానికి ఆయన ప్రతిసారీ సరిగ్గానే జవాబిస్తున్నారు, ప్రతిసారీ అవమానపడుతున్నారు.

"నువ్వు కూడా మొదలుపెట్టావా? ఇవాళ ఆదివారం. ప్రధానమంత్రి పేరు కూడా చెప్పమంటావా?"

"అట్ల కాదు మామయ్యా. నాకు నిజంగనే కావాలె. చెప్పుండ్రి."

"ఫ్లైవీల్ వైపు నుంచే! ఇంకెక్కణ్నుంచి లెక్కపెడతారు? నా ఇరవై రెండో ఏట శామ్యూల్ మేస్త్రీ నేర్పాడు. ఇంజను బలం ఎటు నుంచి బయటికొస్తుందో అటు నుంచి ఒకటి అనుకోరా అన్నాడు. అప్పట్నుంచీ ఎక్కడ ఏ ఇంజను విప్పినా నేనలాగే చేశాను. అది కూడా మరిచిపోయాననుకుంటున్నావా?"

హరిచందన అక్కడే గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వంటింట్లోంచి కమలకుమారి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే? ఏం పోయింది?"

"ఏం పోలే అత్తమ్మా. మామయ్యకు మతిమరుపు లేదు. తప్పు నాది," అని ఆమె మామగారి వైపు తిరిగింది. "మీరు విప్పినప్పుడు దిమ్మ మీద సుద్దతోని రాసిన్రు కదా. నాయిన షాపుల కడిగిస్తే ఆ సుద్ద మొత్తం పోయింది. దిమ్మ ఇంటికొచ్చినంక మళ్ల అంకెలేసింది నేను. మా నాయిన షాపుల ఎప్పుడైనా ఫ్యాన్ దిక్కు నుంచే ఒకటి. నేను గట్లనే ఏసిన. మీ ఒకటి నాకు మూడు, మీ మూడు నాకు ఒకటి. రెండు ఎట్ల లెక్కపెట్టినా నడుమనే ఉంటది, అందుకే అది ఒక్కటే మంచిగుంది."

అచ్యుతరావు ఆమె చెప్పినదాన్ని వేళ్ల మీద ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి లెక్కపెట్టుకున్నారు.

"అంటే నేను చుక్క చూసి చుక్క ప్రకారమే పెట్టాను," అన్నారు నెమ్మదిగా.

"సరిగ్గ పెట్టిన్రు."

"నేను మరిచిపోలేదు."

"ఏం మర్వలే మామయ్యా."

ఆయన లేచారు. వారం రోజులుగా వంగిపోయిన నడుము ఒక్కసారి నిటారుగా అయింది. లుంగీ ఎగ్గట్టి, "మరి ఆ మాట అడగడానికి వారం పట్టిందా? సాఫ్ట్‌వేరు అంతా ఇంతేనా?" అంటూ పోర్టికోలోకి నడిచారు. కమలకుమారి ఆయన వెనకనుంచి చూసి ముక్కు ఎగబీల్చి, ఉల్లిపాయలు తరగకుండానే కొంగుతో కళ్లొత్తుకుంది.

తర్వాతి రెండు గంటలూ ఆ పోర్టికోలో ఎవరూ అనవసరంగా మాట్లాడలేదు. రాడ్డుతో తిప్పబోవడమే తప్ప ఇంజను నడిచింది లేదు కాబట్టి గీతలు పైపైనే ఉన్నాయి. బేరింగులు తుడిచి, నూనె రాసి, మూడు చుక్కల క్యాపుని ఫ్యాన్ వైపు కూర్చోబెట్టారు. ఒక చుక్కది ఫ్లైవీల్ వైపు వెళ్లింది. అచ్యుతరావు మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగిస్తూ వచ్చారు. ఒక్కో క్యాపు బిగించాక ఆగి, క్రాంకుని తిప్పి చూసుకున్నారు. మొదటిది బిగించాక తిరిగింది. రెండోదానికీ తిరిగింది. మూడు చుక్కల క్యాపు బిగించేటప్పుడు మాత్రం చుక్కలు మరోసారి వేలితో లెక్కపెట్టుకున్నారు. అప్పుడు కూడా తిరిగింది.

చివరి బోల్టు మిగిలింది. ఆయన చేతిలోది శామ్యూల్ మేస్త్రీ రిటైరైన రోజు ఇచ్చిన పానా. పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డ నాలుగుసార్లు మారింది కానీ పానా మారలేదు. దాన్ని ఈ ఇంట్లో ఇంకెవరైనా పట్టుకోగా చూసినవాళ్లు లేరు. ఆయన దాన్ని హరిచందన చేతిలో పెట్టారు.

"నువ్వు బిగించు."

"మరి మీ షెడ్డు పద్ధతి?"

"పద్ధతి పెట్టింది మేస్త్రీ. ఆయన ఉంటే ఆయనే ఇచ్చేవాడు నీకు. కానివ్వు, తొందరగా, లేకపోతే మళ్లీ మనసు మార్చుకుంటాను."

ఆమె బిగించింది. ఆయన చూపుడువేలు క్రాంకు అంచుకి ఆనించి నెట్టారు. అంత బరువున్న ఉక్కు, నూనెలో చప్పుడు లేకుండా, మెల్లగా ఒక పూర్తి చుట్టు తిరిగి ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హరిచందనకి తన తండ్రి మీద ఎంత ప్రేమ ఉందో ఆ క్షణాన ఈ మనిషి మీదా అంతే ప్రేమ పుట్టుకొచ్చింది, ఆ సంగతి దాచుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.

సరిగ్గా అప్పుడే హృషికేశ్ చికెన్ పట్టుకుని స్కూటరు మీద వచ్చాడు. గేటు దగ్గరే ఆగి, తండ్రి వేలునీ క్రాంకునీ చూసి, సంచీ అక్కడే పెట్టేసి వచ్చాడు.

"తిరిగిందా?"

"నువ్వే చూడు," అన్నారు అచ్యుతరావు గర్వంగా.

హృషికేశ్ తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. హరిచందన జరిగిందంతా చెప్పింది. విన్నాక అతను చేతికంటిన నూనె తుడుచుకోకుండానే తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. "సారీ నాన్నా. వారం రోజులు నిన్ను చాలా ఇబ్బంది పెట్టాను," అన్నాడు.

"చొక్కా పాడుచేశావురా వెధవా," అన్నారాయన. అంతకంటే ముద్దుగా ఆయన కొడుకుని ఎప్పుడూ పిలవలేదు. కమలకుమారి కొబ్బరికాయ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇంకా పిస్టన్లే ఎక్కలేదు, కొబ్బరికాయేమిటే?" అంటే, "ఇంజనుకి కాదులెండి, మీకు దిష్టి తియ్యడానికి," అంది.

అందరూ నవ్వుతుండగా గేటు బయట ఒక బండి వచ్చి ఆగింది. వెనకాల గొలుసూ కొక్కెం ఉన్న పెద్ద బండి. తలుపు మీద పసుప్పచ్చ అక్షరాలతో పాత ఇనుప కొట్టు పేరు, కింద ఫోను నంబరు. డ్రైవరు దిగి లోపలికి తొంగిచూశాడు.

"జీపు ఇదేనా సార్? ఇంజను గూడ పట్కరమ్మన్నడు మా షేటు."

"ఎవరు పిలిచారు నిన్ను?" అన్నారు అచ్యుతరావు.

"నాకెట్ల తెలుస్తది సార్? పొద్దుగాల షేటుకు ఫోనొచ్చిందంట, జీపు ఇచ్చేస్తమని. అడ్రస్ రాసిచ్చి పంపిండు, నేనొచ్చిన."

అచ్యుతరావు కొడుకు వైపు తిరిగారు. ఒక్క నిమిషం క్రితం ఉన్న నవ్వు ఆ మొహంలో లేదు.

"సాయంత్రం దాకా కూడా ఆగలేకపోయావా?"

"నేనా? నాన్నా, ఒట్టు, నేను చెయ్యలేదు."

"నీకు తప్ప ఈ జీపుని పంపించాలని ఎవరికుంది? భుజం మీద చెయ్యేసి సారీ చెప్పి, బండి దారిలో ఉందన్నమాట! నన్ను అంత పిచ్చివాణ్నే అనుకున్నావా?"

"నేను కాదంటుంటే!" హృషికేశ్ గొంతు కూడా పెరిగింది.

మామగారి ఫోను ఇంకా హరిచందన చున్నీలోనే ఉంది. కమలకుమారి పొద్దున అన్న మాట ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఫోను తీసి, చేసిన కాల్స్ చూసింది. పొద్దున ఆరు గంటల నలభై రెండు నిమిషాలకి ఒక నంబరుకి ఫోను వెళ్లింది. నాలుగు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది. ఆమె తలెత్తి బండి తలుపు మీది నంబరు చదివింది. మళ్లీ ఫోను చూసింది. అదే.

మామగారి మొహంలోకి చూసింది. ఆయన బుకాయించడం లేదు. ఆ కోపం నిజం, ఆ అనుమానం నిజం. నాలుగు నిమిషాలు మాట్లాడి, అడ్రసు కూడా చెప్పి, ఇప్పుడు ఆ సంగతి ఆయనకి బొత్తిగా గుర్తులేదు. ఏం మర్వలే మామయ్యా అని ఆమె చెప్పి మూడు గంటలు కూడా కాలేదు. ఆ మాట పట్టుకునే ఆయన లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఈ ఫోను చూపిస్తే హృషికేశ్ మీద నింద పోతుంది. కానీ ఆయన మళ్లీ లేవరు.

"మామయ్యా," అంది. ఫోను గుప్పిట్లో మూసింది. "ఆయన్ను అనకుండ్రి. ఫోన్ చేసింది నేను."

అందరూ ఆమెని చూశారు.

"నువ్వా?"

"పొద్దున చేసిన. క్రాంకు తిర్గదనుకున్న. మీరు బాధపడుడు చూడలేక... ఎట్లయితే గట్లయితదని చేసిన."

అచ్యుతరావు ఆమె వైపు తిరిగారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఫోన్ చేసి, ఆ తర్వాత వచ్చి నాతో కూర్చుని ఇదంతా చేశావా?" అన్నారు.

ఆయన దుప్పటి అంచుతో చేతులు ఒక్కో వేలూ తుడుచుకున్నారు. దగ్గరికొచ్చి చెయ్యి చాచారు.

"మేస్త్రీ పానా ఇటివ్వమ్మా."

ఇచ్చింది. ఆయన దాన్ని లుంగీ మడతలో దోపుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. గది తలుపు గడియ పడిన చప్పుడు పోర్టికో దాకా వినిపించింది. హరిచందన డ్రైవరుకి చేతులు జోడించి, బండి అవసరం లేదు అన్నా, మీరు పోండ్రి అని పంపేసింది. బండి సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ అలాగే నిలబడి ఉన్నారు.

కమలకుమారి చేతిలో కొబ్బరికాయ ఇంకా అలాగే ఉంది. ఆవిడ కోడలి దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"పొద్దున గేటు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడింది నువ్వు కాదుగా, చందనా?"

గొంతు తగ్గించినా లాభం లేకపోయింది. రెండడుగుల దూరంలో ఉన్న హృషికేశ్‌కి ఆ మాట వినపడింది. అతను తల్లిని చూశాడు, మూసిన గది తలుపుని చూశాడు. ఆఖరికి భార్య గుప్పిట్లో బిగించి పట్టుకున్న ఫోనుని చూశాడు. తర్వాత తండ్రి చాచినట్టే తనూ చెయ్యి చాచాడు.

"నాన్న ఫోన్ ఇటివ్వు."